గోడ అడుగు కనిపించాలి

పోయిన వారం మిమ్మల్ని మా ఊరి చిన్న చర్చి, అదే చాపెల్, మేడ మీది హాల్లో, లక్క సీలు వేసిన కవరు ముందు నిలబెట్టి వెళ్ళిపోయాను. పత్రికవాళ్ళు నాకిచ్చిన పేజీలు సరిగ్గా అక్కడికి అయిపోయాయి, ఆ తప్పు నాది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ముందు సంగతి కాస్త చెబుతాను. పాతవాళ్ళు ఈలోగా టీ కాచుకోండి.

నా పేరు వినిఫ్రెడ్ గ్రీన్‌వుడ్, అందరికీ విన్నీని. మా ఆయన ఆల్బన్ ఉన్ని మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా యార్క్‌షైర్‌లోనే ఉండేవాడు, శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి నెపోలియన్ యుద్ధాల్లోకి వెళ్ళిపోయేవాడు. చాపెల్ మేడ మీద పన్నెండడుగుల బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, కొండలు, నది, వేలెడంత కూడా లేని సీసపు సిపాయిలు. ఆ బల్ల చుట్టూ వాళ్ళ యుద్ధాల ఆట క్లబ్బులోని తల నెరిసిన మగవాళ్ళు కొలబద్దలు పట్టుకుని అంగుళం దగ్గర కొట్టుకునేవాళ్ళు. పోయిన అక్టోబరులో ఆల్బన్ తను కట్టిన కోటని ఆ బల్ల మీద పెట్టి, ముప్ఫై అయిదేళ్ళుగా స్నేహితుడైన క్లెమ్ హోల్‌రాయిడ్‌ని ముట్టడికి రమ్మన్నాడు. ఏడు శనివారాలు ఆడారు. జనవరిలో ఆల్బన్ గుండె ఆగింది.

బల్ల మీద దుప్పట్లు కప్పి నాలుగు నెలలు అలా వదిలేశారు. మే నెలలో క్లెమ్ వచ్చి, సగంలో ఆపితే ఆల్బన్‌కి నచ్చదు, ముగించేద్దాం అన్నాడు. ఆల్బన్ తరఫున కోటని కాపాడే పని క్లబ్బు కార్యదర్శి లెనార్డ్‌కి అప్పగించారు, ఆయన బడిలో జాగ్రఫీ మాస్టారు. ఇక అంపైరు ఎవరయ్యా అంటే, నేను. తను లేకపోతే అంపైరు కుర్చీలో విన్నీయే కూర్చోవాలని ఆల్బన్ డిసెంబరులోనే క్లబ్బుకి ఉత్తరం రాసి పెట్టాడట. ఆటలో ఓనమాలు తెలియని దాన్ని, కేకు ముక్కల పళ్ళెంతో మేడెక్కి దిగడం తప్ప ఆ హాలుతో ఏ సంబంధమూ లేని దాన్ని. ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు తల తిరిగింది, ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. ముట్టడిలో గెలిచినవాడు కోటని ఇంటికి పట్టుకుపోతాడు. ఈ కోటని ఆల్బన్ మూడేళ్ళ కిందట మొదలుపెట్టి, రెండు చలికాలాలు నా వంటింటి బల్ల మీద బెండూ ప్లాస్టరూ పెట్టి కట్టాడు. ఆ రెండు చలికాలాలూ మేం ఒళ్ళో కంచాలు పెట్టుకుని తిన్నాం. నదివైపు బురుజు మీద ఆయన బొటనవేలి ముద్ర పడింది. నున్నగా చేస్తానన్నాడు, ఉండనీ అన్నాను నేను. ఆయన చొక్కాలు చాపెల్ వాళ్ళకి ఇచ్చేశాను, బూట్లు తమ్ముడికిచ్చాను. ఆయన వేలు పడిన చోటు ఈ లోకంలో ఇంకెక్కడుందో నాకు తెలియదు. అందుకని కోట నాకు కావాలి. అంపైరు ఎవరి పక్షమూ ఉండకూడదంటారు, నేను మాత్రం ఉన్నాను, మీ దగ్గర దాచడం దేనికి.

క్లెమ్ మీద నాకు కోపం కూడా సరిగ్గా రావడం లేదు. ఆల్బన్ పోయాక ఆయన చేసిన సాయం అంతా ఇంతా కాదు. బొగ్గులు మోశాడు, పెరట్లో దుంపలు నాటాడు. మార్చిలో, సున్నం వాసన నీకు పడదు విన్నీ, విట్బీలో మీ చెల్లెలి దగ్గర వారం ఉండి రా, అని నన్ను బస్సెక్కించి, వంటింటి వెనక గదికి తనే సున్నం వేశాడు. అలాంటి మనిషి చిన్న ప్లాస్టరు కోట కోసం నాతో ఇంత పంతానికి రావడం ఏమిటో అంతుపట్టలేదు.

ఇక శనివారం సంగతి.

"గండి పడింది విన్నీ," అన్నాడు క్లెమ్. "మూడు పాచికలూ ఆరే. ఇంకేం కావాలి నీకు?"

పాచికల మీద చెయ్యి అలాగే ఉంచాడు. ఆయన కుడిచేతి చూపుడువేలు సగమే ఉంటుంది, మిగతా సగం కుర్రతనంలోనే మిల్లు మరలో పోయింది.

"పాచికలు ఎన్ని పడ్డా లాభం లేదండీ హోల్‌రాయిడ్ గారూ," అన్నాడు లెనార్డ్, రూళ్ళ పుస్తకం తెరిచి. ఆ పుస్తకం ఆల్బన్ టైపు కొట్టిందే, అంచుల్లో ఆయన పెన్సిలు రాతలే. "పద్నాలుగో రూలు చూడండి. గోడ కూలాలంటే ఫిరంగికి గోడ అడుగు కనిపించాలి. మీ ఫిరంగులకి కనిపిస్తున్నది గోడ తల ఒక్కటే. ముందర ఏటవాలు మట్టికట్ట అడ్డం ఉంది."

"వంగి చూడు మాస్టారూ. ఏం, నడుం వంగట్లేదా?"

లెనార్డ్ వంగాడు. ఒక కన్ను మూసి, గడ్డం బల్ల అంచుకి ఆనించి, ఫిరంగి గొట్టం వెనక నుంచి చూశాడు. ఫెయిర్‌బర్న్ గారూ వంగారు. ఆయన ఊళ్ళో పళ్ళ డాక్టరు, క్లెమ్ గుర్రపుదళానికి నాయకుడు. కోట ముట్టడిలో గుర్రాలకి పనేమీ ఉండదు కాబట్టి మూడు వారాలుగా నా ఫ్రూట్ కేకు తింటూ కూర్చున్నారు. చివరికి అంపైరుని గనక నేనూ వంగాను.

"నాకు గోడ కనిపిస్తోంది," అన్నాను.

"అడుగు కనిపిస్తోందాండీ?" అన్నాడు లెనార్డ్.

"అడుగంటే ఎక్కడి నుంచి?"

ముగ్గురూ నా వంక చూశారు. తర్వాత ఒకళ్ళ వంక ఒకళ్ళు చూసుకున్నారు. అడుగంటే నేలకి తగిలే చోటని క్లెమ్, కందకం లోపలి నుంచి లెక్క వెయ్యాలని లెనార్డ్, కందకంలో నీళ్ళున్నాయా లేవా అని డాక్టరు. పావుగంట నడిచింది. నాకిది అలవాటైపోయింది. మొదటి శనివారం దుమ్ము దులుపుతూ అడవిలో చెట్లన్నీ పీకి డబ్బాలో వేశాను, కొంప ముంచానని ఏడుపొక్కటే తక్కువ. లెనార్డ్ నవ్వి, ఏం ఫరవాలేదండీ, అడవి అంటే చెట్లు కాదు, కింద పరిచిన ముదురాకుపచ్చ గుడ్డ, అన్నాడు. చెట్లు తీసేసినా అక్కడ అడవే, సిపాయిలు సగం వేగంతోనే నడవాలి. మరి ఆ ఇల్లు అంటే, అది ఇల్లు కాదండీ, ఊరు, అన్నాడు. ఒక ఇల్లు పెడితే ఊరు, రెండు పెడితే పట్నం. మరి నిజంగా ఒక్క ఇల్లే పెట్టాలంటే ఏం చేస్తారని అడిగాను. అలాంటి అవసరం ఎప్పుడూ రాలేదన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

నాకు పూర్తిగా అర్థమైన రూలు ఒక్కటే, వాన రూలు. ఆట మధ్యలో అంపైరు ఎప్పుడైనా కప్పు కింద ఒక పాచిక వేసి, తనొక్కడే చూసి, వాతావరణం చెప్పొచ్చు. ఒకటో రెండో పడితే వాన. వాన పడితే మట్టిదారులు బురదవుతాయి, పెద్ద ఫిరంగులు ఉన్నచోటి నుంచి కదలవు. వానా బురదా మా ఊళ్ళో ఎవరికి చెప్పాలి.

"ఇలా తెల్లారేలా లేదు," అన్నాడు క్లెమ్. "పదిహేనో రూలు. కవరు తియ్యి విన్నీ."

ప్రతి కోటకీ ఒక బలహీనమైన చోటు ఉంటుందట. కోట కట్టినవాడు ఆ చోటుని పటం గీసి, కవరులో పెట్టి, లక్క సీలు వేసి ముందే క్లబ్బుకి ఇవ్వాలి. గండి మీద తగువొస్తే అంపైరు దాన్ని తెరవాలి. క్లెమ్ కొట్టిన గోడే ఆ చోటైతే కోట క్లెమ్‌ది. కాకపోతే ఆట సాగుతుంది. డిసెంబరులో నా గురించి రాసిన ఉత్తరంతో పాటే ఆల్బన్ ఈ కవరు కూడా ఇచ్చాడని, పాత కవరు వెనక్కి తీసుకుని ఇది పెట్టాడని, లెనార్డ్ కవరు తెచ్చిస్తూ చెప్పాడు. అప్పుడెవరూ ఆ సంగతి పట్టించుకోలేదు.

సీలు కింద గోరు దూర్చాను. లక్క పగిలింది. క్లెమ్ కొట్టిన నదివైపు గోడ కాకూడదు దేవుడా, అనుకుంటూ కాగితం విప్పాను.

నాలుగు తలలు దాని మీదికి వంగాయి. 

"ఇది ఈ కోట కాదే," అన్నారు ఫెయిర్‌బర్న్ గారు.

కోటకి అయిదు మూలలు, అయిదు బురుజులు. కాగితం మీద ఉన్నది నాలుగు మూలల పొడుగాటి డబ్బా. ముందువైపు ఒక గుండ్రటి ఉబ్బు. వెనక రెండు సమాంతర గీతలు. పక్కన విడిగా చిన్న చదరం. ఇంకోవైపు ఒక చుక్క, చుట్టూ సున్నా. వెనక గోడకి ఆనుకుని వరసగా పొట్టి అడ్డగీతలు. లోపలి గోడ ఒకదాని మీద ఎర్ర సిరాతో గుణకారం గుర్తు. దాని కింద ఆల్బన్ దస్తూరీ: బలహీనమైన చోటు. గోడ అడుగు చూడాలి.

"తిరగేసి పెట్టండి, ఉత్తర దిక్కు అటు," అన్నాడు లెనార్డ్. తిప్పాం. కుదరలేదు. అద్దంలో చూడాలేమో అన్నారు డాక్టరు. రోగుల నోట్లో పెట్టే బుల్లి అద్దం జేబులోంచి తీసి పట్టుకున్నారు. అదీ కుదరలేదు.

"ఈ ఉబ్బు అర్ధచంద్రపు బురుజు," అన్నాడు లెనార్డ్, మాస్టారు గొంతుతో. "వెనక రెండు గీతలు కందకం. ఈ చదరం మందుగుండు కొట్టు, నిప్పు భయానికి దూరంగా కట్టాడు. చుక్కా సున్నా జెండా కొయ్య. అడ్డగీతలంటారా, అవి మొన తేల్చిన గుంజల కంచె."

"మరి ఏటవాలు మట్టికట్ట ఏది?" అన్నారు డాక్టరు.

"లేదు. అదే నాకూ అంతుచిక్కడం లేదు. మట్టికట్ట లేని కోట ఆల్బన్ గియ్యడు."

 క్లెమ్ మాత్రం కాగితం మీదికి వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. ఆయన మెడ మీద చెమట పట్టడం చూశాను. మే నెలే గానీ హాల్లో చలిగానే ఉంది.

నేను ఆ కంచె గుంజలు లెక్కపెట్టాను. ఏమీ తోచనప్పుడు ఏదో ఒకటి లెక్కపెట్టడం నాకలవాటు. తొమ్మిది. అందులో పై నుంచి మూడోది మిగతావాటిలో సగమే ఉంది.

తొమ్మిది. మూడోది సగం.

ఆ మూడో దాని మీద కాలు మడతపడి నేను ఆరు వారాలు మంచం మీద ఉన్నాను. ముప్ఫై మూడేళ్ళుగా ప్రతి శుక్రవారం వాటిని మోకాళ్ళ మీద కూచుని తోముతున్నాను. అవి నా పెరటి మెట్లు. ఉబ్బు మా ముందుగది కిటికీ. కందకం మురుగుకాలవ. మందుగుండు కొట్టు బొగ్గుల గది. జెండా కొయ్య నేను దుప్పట్లు ఆరేసే గుంజ. ఈ మహానుభావులు మా ఇంట్లో ఎన్నిసార్లు టీ తాగారో లెక్కలేదు. అయినా ఏ ఒక్కడూ గుర్తుపట్టలేదు. ఈ బల్ల చుట్టూ ఇన్నేళ్ళు నిలబడ్డాక ఇంటిని ఇల్లుగా చూడటం వీళ్ళు మరిచిపోయారు.

నాకు నవ్వొచ్చింది. ఈ కాగితం కోట గురించి కాదు, నాకోసం. నన్ను అంపైరుని చేసింది దీన్ని నా చేత తెరిపించడానికే. నేరుగా చెప్పొచ్చుగా మనిషీ! ముప్ఫై మూడేళ్ళు పక్కన పడుకున్నావు, ఒకసారి ఇటు తిరిగి చెబితే నోరు అరుగుతుందా? పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికి కూడా ఇలాగే చేశాడు. హాలిఫాక్స్ బస్సుల వేళల కాగితం చేతిలో పెట్టి ఒక బస్సు కింద గీత గీశాడు. ఆ బస్సు రిజిస్ట్రారు ఆఫీసు ముందు ఆగుతుందని కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఎర్ర గుర్తున్న గోడ ఏదో నాకు తెలుసు. వంటింటి వెనక గదిలోది. పెళ్ళయిన ఏడాదే పెద్ద మంచు పడి నేను మా అమ్మ దగ్గర చిక్కుకుపోయాను. తిరిగొచ్చేసరికి ఆ గదిలో ఉండాల్సిన గూడు లేదు, గోడ వచ్చింది. చలిగాలి కొడుతోందని మూసేశాం అన్నారు ఇద్దరూ. అవును, ఇద్దరూ. ఆల్బన్, క్లెమ్. నా మీద ఎంత శ్రద్ధో అని మురిసిపోయి వాళ్ళకి మాంసం కూరిన పోర్క్ పై చేసి పెట్టాను.

తలెత్తాను. క్లెమ్ నన్నే చూస్తున్నాడు. నేను గుర్తుపట్టానని ఆయన గుర్తుపట్టేశాడు.

"ముట్టడి ఎత్తేస్తున్నా," అన్నాడు.

లెనార్డ్ చేతిలో రూళ్ళ పుస్తకం జారింది. "ఏమిటండీ?"

"ఎత్తేస్తున్నానయ్యా. ఓడిపోయాను. కోట ఆల్బన్‌ది, అంటే విన్నీది. పట్టుకుపో విన్నీ. నువ్వు కావాలనుకుంటున్నావని నాకు తెలీదనుకున్నావా?"

"మూడు ఆర్లు వేసి మరీ?" అన్నారు ఫెయిర్‌బర్న్ గారు. "ఒంట్లో బాలేదా ఏం క్లెమ్?"

"బానే ఉంది." క్లెమ్ బల్ల చుట్టూ తిరిగి నా పక్కకి వచ్చాడు. చెయ్యి చాపాడు, సగం వేలున్న చెయ్యి. "ఆ కాగితం ఇటివ్వు."

"దేనికి?"

"దేనికేమిటి? ఆనవాయితీ. ముట్టడి ఎలా ముగిసినా కాగితం ముట్టడించినవాడిది. మా ఇంట్లో నాలుగు అద్దం కట్టించి గోడకి పెట్టాను. నువ్వే తుడిచావు ఓసారి."

"నిజమేనండీ మిసెస్ గ్రీన్‌వుడ్," అన్నాడు లెనార్డ్ సంతోషం పట్టలేక. "కాగితం ఆయనదే, కోట మీదే! సంతకం పెట్టేయండి, కోట నేనే మోసుకొస్తాను!"

కోట నా ఎదురుగా ఉంది. నదివైపు బురుజు మీద ఆ ముద్ర, వేలి గీతలతో సహా. చెయ్యి చాపితే నాదే. మూడు వారాలుగా అదే కోరుకున్నాను. సరే అనడానికి నోరు తెరిచాను కూడా.

"క్లెమ్," అన్నాను నెమ్మదిగా, "ఆ గోడ వెనక ఏముంది?"

"ఏ గోడ?" అన్నాడు. ముప్ఫై మూడేళ్ళలో ఆ మనిషి నాతో అబద్ధమాడటం మొదటిసారి చూశాను. మొదటిసారి పట్టుకోవడం అనాలేమో.

"ఏ గోడండీ?" అన్నాడు లెనార్డ్, నిజంగానే తెలియక.

"నువ్వు నాకు చెల్లెల్లాంటి దానివి విన్నీ," క్లెమ్ గొంతు తగ్గించాడు. "కొన్ని నీకు తెలియకపోతేనే మంచిది. కాగితం ఇవ్వు. కోట తీసుకుని ఇంటికి పో. నీకు ఎందుకు చెబుతున్నానో అర్థం చేసుకో."

నాకేం అర్థం కాలేదు. ఒక్కటి తప్ప. ఆల్బన్ ఈ కాగితం నా చేతికి రావాలనుకున్నాడు, క్లెమ్ చేతికి కాదు. ముట్టడి ముగిస్తే కోట నాది, కాగితం పోతుంది. ముగియకపోతే కాగితం అంపైరు దగ్గరే ఉంటుంది.

టీకప్పు బోర్లించాను. కింద పాచిక వేసి, కప్పు అంచు కొంచెం ఎత్తి, నేనొక్కదాన్నే చూశాను.

"రెండు," అన్నాను. "వాన."

"వానేమిటి?" అన్నాడు క్లెమ్.

"కుండపోత. దారులన్నీ బురద. నీ పెద్ద ఫిరంగులు కదలవు క్లెమ్. ఫిరంగులు వెనక్కి పోకుండా ముట్టడి ఎత్తడం కుదరదని ఎక్కడో ఉంది కదూ మాస్టారూ?"

లెనార్డ్ పేజీలు తిప్పాడు. "ఇరవై రెండో రూలు," అన్నాడు నీరసంగా. "ఉందండీ."

పాచిక మీద నిజంగా ఎంత పడిందని అడక్కండి. అంపైరు తప్ప ఎవరూ చూడకూడదని రూలు, మీకూ వర్తిస్తుంది. కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని మెట్లు దిగాను. వెనక నుంచి క్లెమ్ రెండుసార్లు పిలిచాడు.

ఇల్లు పది నిమిషాల నడక, అంతా ఎక్కుడే. కోటు కూడా విప్పకుండా వంటింటి వెనక గదిలోకి వెళ్ళాను. నాలుగు గంటల ఎండ కిటికీలోంచి ఆ గోడ మీదే పడుతోంది. తెల్లగా, నున్నగా, మార్చిలో వేసిన సున్నంతో నిగనిగలాడుతోంది. అరచేత్తో తడిమాను, చెవి ఆనించి తట్టాను. అన్ని గోడల్లాగే ఉంది. ఏం చూడాలో తెలియక కాసేపు అక్కడే వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను.

గోడ అడుగు చూడాలి. ఆయన రాసింది అదేగా.

అడుగు కనిపించదు. బట్టలు పిండే ఇనపమర అడ్డం ఉంది, మా అత్తగారి కాలం నాటిది. దాన్ని ఎవరూ కదపరు. నడుం ఆనించి తోశాను. రెండోసారి తోస్తే జానెడు కదిలింది. మోకాళ్ళ మీద కూచుని ఆ సందులో తల పెట్టాను.

మర వెనక సున్నం లేదు. అక్కడ ఎవరు చూస్తారులే అనుకున్నట్టుంది. నేల నుంచి మోకాలెత్తు దాకా, పెద్ద రొట్టె పళ్ళెమంత మేర, కొత్త ప్లాస్టరు. ముప్ఫై మూడేళ్ళ నాటిది కాదు, గోరు పెడితే ఇంకా దిగుతోంది. దాన్ని అరచేత్తో అదిమిన గుర్తులున్నాయి. నాలుగు వేళ్ళు, వరసగా. బొటనవేలి పక్కది సగమే ఉంది.

ఎంతసేపు అలా కూచున్నానో తెలియదు. మురుగు వాసన, సున్నం వాసన. విట్బీ నుంచి క్లెమ్ కోసం పట్టుకొచ్చిన చేపల పొట్లం గుర్తొచ్చింది, ఎంత సాయం చేశావయ్యా అంటూ చేతిలో పెట్టాను.  మూడు ఆర్ల మీద మేమంతా అంతసేపు తగవులాడాం. అసలు గండి నేను చెల్లెలితో సముద్రం ఒడ్డున నడుస్తుండగా మార్చిలోనే పడింది.

పెరటి తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"విన్నీ," తలుపు అవతల క్లెమ్, ఆయాసపడుతూ. "మర జరిపావు కదూ? నాకు తెలుసు. తలుపు తియ్యి."

 గొళ్ళెం వేసి ఉంది, అదొక్కటీ చూసుకున్నాను.

"నేనేం తీసుకోలేదు. ఒట్టు. అక్కడ ఏమీ లేదు విన్నీ. తవ్వి చూసేసరికి గూడు ఖాళీ. మేమిద్దరం కలిసి పెట్టినది, నాకు చెప్పకుండా వాడొక్కడే తీసేశాడు. ఎప్పుడు తీశాడో, ఎక్కడ పెట్టాడో... నీకు చెప్పాడా? నిజం చెప్పు, చెప్పాడా?"

ఖాళీ గోడ. ఖాళీ గోడని నాకెందుకు చూపించావు ఆల్బన్?

అప్పుడు తట్టింది. గోడ వెనక ఏముందో చూడమని కాదు. తను పోయాక ఆ గోడని ఎవరు తవ్వుతారో చూడమని. ప్లాస్టరు మీద చెయ్యి పడితే ముద్ర ఉండిపోతుంది, అది ఆయనకి తెలుసు. తడి ప్లాస్టరుని వేలితో ఎప్పుడు అదుముతాం? లోపల ఏదో పెట్టి మూసేటప్పుడు. ఆల్బన్ బొటనవేలు పడింది అప్పుడే, రెండేళ్ళ కిందట, నా వంటింటి బల్ల మీద, నున్నగా చేస్తానని, నేను ఉండనీ అంటే వదిలేసినప్పుడు.

"నదివైపు బురుజు!" అన్నాను.

పైకే అన్నాను. గట్టిగానే అన్నాను. ఇన్ని నెలల అయోమయంలో మొదటిసారి ఒక సంగతి బోధపడిందన్న సంబరంలో, తలుపు అవతల ఎవరున్నారో మరిచిపోయి.

 బయట అడుగులు, పెరటి మెట్ల మీద, గబగబా కిందికి. మూడో మెట్టు సగమేనని చూసుకుని మరీ దిగుతున్నాడు. హాలు తాళం చెవి ఆయన దగ్గరే ఉంది, కోట బల్ల మీదే ఉంది.